పుంగనూరులో హిందూ మహాసముద్రం

ఆ రోజుల్లో సముద్రం గురించి నాకు తెలియని విషయం లేదు, ఒక్క సముద్రం తప్ప. అలలు ఎందుకు లేస్తాయో, ఆటుపోట్లు చంద్రుడి మాట ఎందుకు వింటాయో, లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి ఎట్లా పెరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడిని. మదనపల్లెలో డిగ్రీ, ఆపైన బి.ఎడ్. చదివిన కాలమంతా ఇవే బట్టీ పట్టాను. కంటితో చూసిన అతి పెద్ద నీళ్ళు మాత్రం మా కుప్పం పక్కన చెరువు, అదీ ఎప్పుడైనా వానలు కరుణిస్తే. మా ఊరి స్టేషన్లో రైళ్ళు రెండు వైపులా పోతాయి. పని వెతుక్కునేవాళ్ళంతా బెంగళూరు వైపు ఎక్కుతారు. చెన్నై వైపు ఎక్కేవాళ్ళు చాలామటుకు జబ్బు చేసినవాళ్ళు, వాళ్ళు కాట్పాడిలో దిగిపోయి వేలూరులో ఆస్పత్రి చూసుకుంటారు. సముద్రం దాకా టికెట్టు తీసుకున్నవాడు మా వంశంలో ఒక్కడూ లేడు. (తరువాత నేను చూశాను లెండి. అందులో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు, ఒక చెప్పు కొట్టుకుపోయింది, అంతే.)

కరోనాకు రెండేళ్ళ ముందు పుంగనూరు చివర ఒక పాత మిషన్ బడిలో నాకు సైన్సు మేష్టరు ఉద్యోగం దొరికింది. ముందున్నాయన పలమనేరులో ఇంకేదో బడికి వెళ్ళిపోతే ఆయన కుర్చీ నాకు వచ్చింది. ఆ కుర్చీకి ఒక కాలు కురచ. బడి పరిస్థితీ దాదాపు అంతే. పొద్దున్నే పసుపురంగు బస్సులు వచ్చి ఊళ్ళో పిల్లలను ఇంగ్లీషు మీడియం బళ్ళకు ఎత్తుకుపోయేవి. మాకు మిగిలిన ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలంతా కలిపి ఒక మినీ బస్సులో పట్టేస్తారు. మదనపల్లెలో ఉండే మా కరస్పాండెంటు గారు హైస్కూలు తరగతులు ఎత్తేసే ఆలోచనలో ఉన్నారని నేను చేరిన వారంలోనే తెలిసింది. "మార్చిలో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టండి, నేనే వచ్చి చూస్తాను, చూసినాక మాట్లాడుకుందాం" అని ఆయన కబురు పెట్టారు. ఆ ఒక్క మాట పట్టుకుని మా పెద్ద టీచరమ్మ ఆ ఏడాదంతా బతికింది.

పెద్ద టీచరమ్మ అంటే మా ప్రధానోపాధ్యాయురాలు. ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే పాఠాలు చెప్పి, ఆ బడి పక్కనే ఉన్న రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. తెల్ల చీర, నల్ల గొడుగు, ఎదుటివాడు ఎంత చిన్నవాడైనా "అప్పా" అనే పిలుపు. కోపం వచ్చినా గొంతు లేచేది కాదు. గొంతు ఇంకా తగ్గేది, అప్పుడే మేము భయపడేవాళ్ళం. బడి వెనక మిషన్ వాళ్ళ మెట్టచేను ఒకటి ఉంటే దాన్ని కూడా తానే సాగుచేయించి, వచ్చిన శెనక్కాయలతో లేనివాళ్ళ పిల్లలకు పుస్తకాలు కొనిచ్చేది. హైస్కూలు పోతుందేమో అని ఎవరైనా అంటే, "వచ్చే ఏడు పదో తరగతికి ఎవరెవరు వస్తాండారో చెప్పు ముందు" అని మాట తప్పించేది. ఆ తరగతులు నిలవడం ఆమెకు ప్రాణంతో సమానం. నాకు ఉద్యోగంతో సమానం. (అప్పట్లో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉందని నాకు తోచలేదు.)

సముద్రం గొడవ మొదలైంది తొమ్మిదో తరగతిలో. అక్కడ ఒక అమ్మాయి ఉండేది, మేష్టర్లందరం ఆమెకు ప్రశ్నలపాప అని పేరు పెట్టుకున్నాం. నేను బోర్డు మీద సుద్దముక్కతో అలలు గీసి, అల ముందుకు పోతుంది గానీ నీళ్ళు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతాయని గంభీరంగా చెబుతుంటే ఆ పిల్ల లేచి, "సార్, మీరు సముద్రం సూసినారా?" అంది. లేదన్నాను. క్లాసు మొత్తం నన్ను జాలిగా చూసింది. ఫోనులో వీడియో పెట్టి చూపించాను. పగిలిన స్క్రీను మీద అరచేయంత సముద్రం కాసేపు ఎగిసిపడి, డేటా అయిపోగానే మధ్యలో నిలిచిపోయింది. ఆ వారం తల్లిదండ్రుల మీటింగులో ఒక నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "సముద్రం సూడనాయన మా బిడ్డలకు సముద్రం ఏం చెప్తాడమ్మా?" అని అడిగేశాడు. పెద్ద టీచరమ్మ నెమ్మదిగా, "నేను పరలోకం చూడలేదప్పా. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆదివారం బడిలో అదే చెప్తాండాను. ఎవురూ అడగలేదే?" అంది. ఆయన కూర్చున్నాడు. మీటింగు అయ్యాక ఆమె నన్ను పిలిచి, "ఎగ్జిబిషన్లో అన్ని బళ్ళోళ్ళూ వంటసోడా పోసి అగ్నిపర్వతం పెడతారు. మనం సముద్రం పెడదామప్పా. బిడ్డలు కాళ్ళు పెట్టి చూడాల" అంది.

అట్లా సముద్రతలానికి చాలా ఎత్తున, ఎండిపోయిన చెరువుల నడుమ, మేము హిందూ మహాసముద్రం తవ్వడం మొదలుపెట్టాం. బడి వెనక ఖాళీ స్థలంలో, చేనుకు ఆనుకుని, లారీ అంత పొడుగు గుంత. పిల్లలు చెరువులోంచి బంకమట్టి బుట్టలతో మోసుకొచ్చారు. (చెరువులో నీళ్ళు లేవు కాబట్టి మట్టికి కొదవ లేదు.) పాఠ్యపుస్తకంలో బొమ్మ చూస్తూ ఒడ్డు పక్కన లోతు తక్కువగా ఖండతీరపు అంచు, అక్కడినుంచి జారుడుగా ఖండతీరపు వాలు, దాని కింద చదునుగా అగాధ మైదానం, ఒక మూల సన్నగా లోతుగా కందకం, నడుమ మునిగిన కొండల వరుస, అన్నీ మట్టితో పేర్చాం. పదో తరగతి పిల్లవాడి తండ్రి బేల్దారి మేస్త్రి. సిమెంటు పూత పూయడానికి వచ్చి ఆయన గుంత చుట్టూ తిరిగి, "నీళ్ళు పోయే తూము యాడ పెట్టాల సార్?" అన్నాడు. సముద్రానికి తూము ఉండదన్నాను. "తూము లేని తొట్టి నేను యాడా కట్టలేదు సార్. ఉన్న నీళ్ళు యాటికి పోవల్ల మరి?" అని తాపీ కింద పెట్టేశాడు. సముద్రం ఉప్పగా ఎందుకుంటుందో అంతకన్నా బాగా చెప్పే అవకాశం నాకు మళ్ళీ రాలేదు. ఏర్లు, వాగులు రాళ్ళలోని ఉప్పును కొద్దికొద్దిగా కరిగించుకుని తెచ్చి పోస్తాయి, బయటికి పోవడానికి దారి లేదు, ఎండకు ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఉప్పు కాదు, అది అక్కడే మిగిలిపోతుంది అని వివరించాను. మేస్త్రి తాపీ మళ్ళీ అందుకుని, "మా బోరునీళ్ళు కాగబెట్టిన కుండకు తెల్లగా పట్టినట్టే కదా?" అన్నాడు. పిల్లలంతా తలలూపారు. ఆ మాట మా అందరి ఇళ్ళలో ఉన్నదే.

ఉప్పు కొనడం ఇంకొక కథ. లీటరుకు ముప్పై అయిదు గ్రాముల లెక్కన కల్లుప్పు బస్తాలకు బస్తాలే కావాల్సి వచ్చింది. అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా, ఊరంతటికీ ఊరగాయ పెడతాండారా?" అన్నాడు. సముద్రానికి అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా బస్తాలు వేసి, పక్కన కూర్చున్న మనిషితో నేను వినేటట్టుగానే, "ఎండలు ముదిరినాయి" అన్నాడు. నీళ్ళు నీలంగా లేకపోతే సముద్రంలా ఉండదని పిల్లలు పట్టుబడితే బట్టలకు పెట్టే నీలిమందు కూడా తెచ్చాను. నీళ్ళ కోసం పెద్ద టీచరమ్మ మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక ట్యాంకరు సంపాదించింది. అందులో సగం సముద్రానికి, సగం మేడమీద సింటెక్స్ ట్యాంకుకు, ఎగ్జిబిషన్ రోజు వచ్చే తల్లిదండ్రులకు తాగడానికి. ఆ ట్యాంకరు తరువాత మళ్ళీ వారం దాకా నీళ్ళు లేవు.

ఎగ్జిబిషన్ రెండు రోజులుందనగా సముద్రం నిండింది. నేను చూసిన మొదటి సముద్రం అదే, నేను కట్టించిందే. కోడిగుడ్డు తెచ్చి మంచినీళ్ళ బకెట్లో వేస్తే మునిగింది, సముద్రంలో వేస్తే తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తేలే గుడ్డును చూస్తూ ప్రశ్నలపాప, "సార్, మన వాన సముద్రం నుంచే వస్తాదని చెప్పినారు కదా. సముద్రంలో అన్ని నీళ్ళు పెట్టుకోని మనకు యాల రాదు?" అంది. ఆవిరి మేఘమై బయలుదేరి, కొండలు తగిలినచోట కురిసి, మన మెట్టమీదికి వచ్చేసరికి తడి అయిపోతుందని, రెండు వైపుల నుంచి వచ్చే వానగాలులూ మన దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి ఉంటాయని చెప్పాను. "అంటే అందురికీ ఇచ్చినాక మిగిలితే మనకు" అంది ఆ పిల్ల. అవునన్నాను. పాఠం సరైనదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు చేనుకు ఎరువు కావాలంటే గొర్రెల మందను పిలిపించి రాత్రిళ్ళు చేలో ఆపిస్తారు. మందాయనకు కూడూ గుడ్డా మనం చూసుకుంటాం, జీవాలు మన నేలకు బలం ఇచ్చి పోతాయి. (మా వైపు గొర్రెలనూ మేకలనూ జీవాలనే అంటారు.) ఆ వారమే పెద్ద టీచరమ్మ కురబలకోట వైపు నుంచి ఒక మందను పిలిపించి శెనక్కాయల చేలో ఆపించింది. వచ్చే ఏడు పంట బాగుండాలని ఆమె ఆశ. వచ్చే ఏడు పిల్లలుంటారని కదా ఆ ఆశకు అర్థం. మందాయన పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉండే పెద్దమనిషి, కంబళి లేకుండా కనిపించేవాడు కాదు. వచ్చిన రోజే బడి గుమ్మంలో కూర్చుని మా అందరి ముందూ, "జీవాలకు ఉప్పు పెట్టి శానా దినాలయిందమ్మా, నాలుకలు పీక్కుంటాండాయి" అన్నాడు. అందరం విన్నాం. పెద్ద టీచరమ్మ వింది, నేను విన్నాను, మందాయన తానే అన్నాడు. కంచెకు ఇవతల మహాసముద్రం, అవతల ఉప్పుకు వాచిపోయిన మంద. ఈ రెండింటినీ కలిపి ఆలోచించే బుర్ర మాలో ఒక్కరికీ లేకపోయింది. నా సైన్సు డిగ్రీ మదనపల్లెలో ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకు తగిలించే ఉంది.

ఎగ్జిబిషన్ ముందు రోజు పొద్దున ప్రార్థన జరుగుతోంది. పెద్ద టీచరమ్మ కళ్ళు మూసుకుని, మా ప్రయత్నాన్ని ఆశీర్వదించమని అడుగుతోంది. వెనకనుంచి ఏదో చప్పరిస్తున్న శబ్దం. కళ్ళు మూసుకోవాల్సిన పిల్లలు ఒక్కొక్కరూ తెరిచి వెనక్కి తిరుగుతున్నారు. ఆమేన్ అనేదాకా ఆగి పరిగెత్తాం. కంచె పడిపోయి ఉంది. మంద మొత్తం హిందూ మహాసముద్రంలో దిగి తాగుతోంది. ఖండతీరపు అంచు మీద నిలబడినవి కొన్ని, అగాధ మైదానంలో కడుపు దాకా దిగినవి కొన్ని. మునిగిన కొండల మీద ఒక పొట్టేలు నిలబడి ఉప్పు గడ్డను నాకుతోంది. అన్నిటి మూతులూ నీలంగా ఉన్నాయి. ఒక గొర్రె తలెత్తి నన్ను చూసింది. నీలం మూతి, నీలం గడ్డం. చిన్న తరగతుల పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వు తన్నుకొచ్చింది. మందాయన కేక విన్నాక అది గొంతులోనే ఆగిపోయింది.

"అయ్యో, అయ్యో, నా జీవాలు!" అంటూ ఆయన కంబళి పారేసి నీళ్ళలోకి దిగి, ఒక్కొక్కదాన్నీ చెవి పట్టి బయటికి లాగుతున్నాడు. తొక్కిసలాటకు ఒక పక్క సిమెంటు గట్టు పగిలి మిగిలిన నీళ్ళు మట్టిలోకి ఇంకిపోవడం మొదలైంది. బయటికి వచ్చిన జీవాలు కాసేపు బాగానే ఉండి, ఆ తరువాత తలలు వాల్చాయి. కొన్ని తూలాయి. ఒకటి రెండు వణికాయి. నిన్న తొమ్మిదో తరగతికి నేను చెప్పిన పాఠమే అది. సముద్రపు నీళ్ళు తాగితే దాహం తీరదు, లోపలికి పోయిన ఉప్పును బయటికి తోయడానికి ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా ఖర్చయిపోతాయి, పడవ మునిగినవాడు నీళ్ళ మధ్యలోనే దాహంతో చస్తాడు అని. చెప్పినప్పుడు పిల్లలు రాసుకున్నారు. ఇప్పుడు వాళ్ళు నన్నే చూస్తున్నారు.

పశువుల డాక్టరుకు ఫోను చేస్తే ఆయన కలికిరిలో ఉన్నాడు. "మంచినీళ్ళు తాపండి. ఒక్కసారిగా వద్దు, కొంచెం కొంచెంగా, అన్నిటికీ. నీళ్ళు ఉండాయా?" అన్నాడు. ఉన్నవి మేడమీద సింటెక్సులో, రేపటి కోసం దాచినవి. నేను పెద్ద టీచరమ్మ మొహం చూశాను. పగిలిన గట్టుకు గంటలో సిమెంటు వేయించి, ఆ నీళ్ళు అందులో పోస్తే కరస్పాండెంటు గారు వచ్చేసరికి సముద్రం మళ్ళీ నిండుతుంది. ఈ లెక్క నా బుర్రలో అప్పటికే పూర్తయింది. ఆమె బుర్రలో కూడా పూర్తయిందని ఆమె కళ్ళు చెప్పాయి. ఒక్క క్షణం అట్లా చూసి, గొంతు తగ్గించి, "కొళాయి తిప్పప్పా" అంది. తిప్పాను.

ఆ రోజు బడి జరగలేదు, జరిగిందంటే అదే జరిగింది. పిల్లలు తమ నీళ్ళసీసాలు, టిఫిన్ బాక్సుల మూతలు, లోటాలు పట్టుకుని ఒక్కొక్క జీవం పక్కన కూర్చున్నారు. కొంచెం తాపడం, ఆగడం, మళ్ళీ కొంచెం. ప్రశ్నలపాప ఒక ముసలి గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని అది మింగుతోందా లేదా అని గొంతు తడిమి చూస్తోంది. మధ్యాహ్నం ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి జీవాలు ఒకటొకటే లేచి నిలబడ్డాయి. ఆ ముసలిది లేవలేదు. పిల్ల ఏడుస్తుంటే మందాయన వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, "ముసిల్దమ్మా అది. ఈ ఎండాకాలం దాటేది కాదు. నువ్వు తాపబట్టి దప్పిక లేకుండా పోయింది, ఏడ్సొద్దు" అన్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అన్నా నాకు తేలికయ్యేది. పారేసిన కంబళి తెచ్చి ముసలిదాని మీద కప్పాడు.

సాయంత్రానికి సముద్రం ఎండిపోయింది. అడుగున తెల్లటి ఉప్పు, నీలం మరకలు, గిట్టల గుర్తులు, మంద వదిలిపోయిన ఎరువు. ఏడవాలో నవ్వాలో తెలియక గట్టు మీద కూర్చున్నాను. చివరికి నాకొక ఉపాయం తట్టింది. నీళ్ళుంటే అడుగు కనపడదు కాబట్టి, సముద్రపు అడుగును చూపించడానికే కావాలని నీళ్ళు తీసేశామని చెబుదాం అన్నాను. నిజానికి అది చాలా మంచి ఉపాయం, ఇప్పటికీ అదే నా అభిప్రాయం. పెద్ద టీచరమ్మ, "అడుగు చూపించప్పా, బాగుంటాది. కావాలని తీసేసినామని మాత్రం చెప్పొద్దు" అంది.

మరునాడు కరస్పాండెంటు గారు తెల్ల కారులో వచ్చారు. మంచి మనిషి, బొద్దుగా, నవ్వుతూ ఉంటారు. ఆయన వెంట ఇంకొకాయన, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, చేతిలో కొలతల టేపు. తల్లిదండ్రులు నేననుకున్న దానికన్నా ఎక్కువమందే వచ్చారు. గొర్రెల సంగతి ఊరంతా పాకింది మరి. ప్రశ్నలపాప కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి, "ఇది ఖండతీరపు అంచు. చేపలు ఎక్కువగా ఉండేది ఈడనే, ఎండ అడుగు దాకా వస్తాది కాబట్టి" అని మొదలుపెట్టింది. వాలు చూపించింది, మైదానం చూపించింది, కందకం చూపించి, ఇట్లాంటివాటిలో ప్రపంచంలోకల్లా లోతైనదాంట్లో హిమాలయాన్ని పెట్టినా మునిగిపోతుందని చెప్పింది. నేను ఒక్కసారి కూడా అందించాల్సిన అవసరం రాలేదు. కరస్పాండెంటు గారు అంతా విని, "బాగుందమ్మా. మరి నీళ్ళేవి?" అన్నారు. పిల్ల పెద్ద టీచరమ్మ వైపు చూసి, ఊపిరి పీల్చుకుని, "గొర్రెలు తాగేసినాయి సార్" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, కడుపు పట్టుకుని నవ్వారు. తల్లిదండ్రులు నవ్వారు. వెనక నిలబడిన మందాయన కూడా నవ్వాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ కరస్పాండెంటు గారు, "ఇట్లాంటి ఎగ్జిబిషన్ నేను యాడా చూడలేదప్పా" అని నా భుజం తట్టారు. హైస్కూలు నిలిచిపోయిందని నేను ఆ క్షణమే తీర్మానించుకున్నాను. మా అమ్మకు ఫోను చేసి చెప్పాను కూడా.

ఈలోగా టేపు మనిషి గదులు కొలుస్తున్నాడు. పిల్లలు ఆయన్ని సముద్రం లోతు కొలవడానికి వచ్చిన ఆఫీసరు అనుకుని వెంటబడ్డారు. టేపు రెండో కొన పట్టుకుని ఆయనకు సాయం చేశారు. తొమ్మిదో తరగతి గది అయ్యాక ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి కందకం కూడా కొలవమంటే, ఆయన పాపం కాదనలేక వంగి కొలిచి లోతు చెప్పాడు. పిల్లలు దాన్ని సుద్దముక్కతో గట్టు మీద రాసుకున్నారు. ఎవరండీ ఆయన అని నేను డ్రైవరును అడిగాను. "మదనపల్లెలో టమోటా మండీ ఆయన సార్. క్రేట్లు పెట్టుకునేదానికి గదులు కావాలంట" అన్నాడు అతను.

ఆఫీసు గదిలో టీ తాగుతూ కరస్పాండెంటు గారు పెద్ద టీచరమ్మతో చెప్పిన మాటలు గుమ్మం బయట నిలబడిన నాకు వినిపించాయి. "తీర్మానం పోయిన నెలనే అయిపోయిందమ్మా. మీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఎగ్జిబిషన్ కానీ అనుకున్నాను. జూన్ నుంచి ప్రైమరీ ఒక్కటే" అన్నారు. ఆయన గొంతులో నిజమైన బాధే ఉంది. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీలు దొరకలేదు. పెద్ద టీచరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. తరువాత, "బిడ్డలకు మీరు చెప్తారా, నేను చెప్పనా?" అంది. ఆయన ఆమెనే చెప్పమన్నారు. ఆమె బయటికి వచ్చి, ముందు వచ్చినవాళ్ళందరికీ వడలు అందేటట్టు చూసి, అందరూ తినేశాక చెప్పింది. పిల్లలు అల్లరి చేయలేదు. అదే ఘోరంగా ఉండింది.

మరునాడు నేను బడికి వెళ్ళాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. ఎందుకు వెళ్ళాలి? ఎవరి కోసం? వెళ్ళేసరికి పెద్ద టీచరమ్మ వరండాలో గొడుగు మడుస్తూ, "సముద్రం పాఠంలో ఇంకా ఏముండాది?" అంది. ఆటుపోట్లు మిగిలాయన్నాను. "అయితే గంట కొట్టినాక నిలబడుకోని ఉండావేమప్పా?" అంది. ఆమె గొంతు తగ్గి ఉంది. క్లాసులోకి వెళ్ళాను. ఒక్కరు కూడా మానలేదు. జూన్లో ఎవరు ఏ బడికి పోతారో, ఎవరు అసలు ఏ బడికీ పోరో తెలియని పిల్లలంతా బుద్ధిగా కూర్చుని ఉన్నారు. బోర్డు మీద భూమిని గీశాను, చంద్రుణ్ణి గీశాను. చంద్రుడు ఎంతో దూరంలో ఉండి కూడా నీళ్ళను తనవైపు లాగుతాడని, రోజుకు రెండుసార్లు సముద్రం ఒడ్డుమీదికి వచ్చి మళ్ళీ వెనక్కి పోతుందని, ఇది ఎవరు చూసినా చూడకపోయినా జరుగుతూనే ఉంటుందని చెప్పాను. రెండు చోట్ల దగ్గినట్టు నటించాను. నన్ను ఏడిపించే ప్రశ్న ఏదో ఇప్పుడు వస్తుందని ప్రశ్నలపాప వైపు చూశాను. ఆ పిల్ల చెయ్యి లేపింది.

"సార్, ఇది పరీక్షలో వస్తాదా?"

క్లాసంతా పెన్నులు పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. వస్తుందన్నాను. ఇంపార్టెంట్ అని పక్కన రాసుకోమన్నాను. రాసుకున్నారు. నేను కూడా బోర్డు మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాను. ఇప్పుడు కుప్పంలో నాకు పర్మనెంటు ఉద్యోగం, నాలుగు కాళ్ళూ సమంగా ఉన్న కుర్చీ ఉన్నాయి. ఆటుపోట్ల పాఠం వచ్చినప్పుడల్లా, మూతపడబోతున్న తరగతిలో సుద్దముక్క విరిగేటట్టు గీతలు గీస్తున్న ఆ బక్క మేష్టరు గుర్తుకొస్తాడు. వెర్రివాడు, ఆ పాఠం ఎంతో ముఖ్యమని నిజంగానే నమ్మాడు. వాడి మీద నాకు నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.